మహమ్మారి వేళ మీ జిల్లాలో మరణాల తీరు లెక్కగట్టడం ఎలా?

2021 మే నెల. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బులెటిన్ల ప్రకారం ఆ నెలలో కోవిడ్‌తో చనిపోయినవాళ్ళు మూడు వేలలోపు. అదే నెలలో రాష్ట్రంలోని జనన మరణాల రిజిస్టర్లకు ఎక్కిన మొత్తం మరణాలు సుమారు లక్షా 30 వేలు. మామూలు మే నెలల్లో ఆ సంఖ్య 27 వేల దగ్గర ఉండేది.

రెండు అంకెలూ ఒకే నెలవి, ఒకే రాష్ట్రానివి. వీటిలో ఏది నిజం అని వాదించుకుంటే తెగదు. ఎందుకంటే అవి రెండు వేరే ప్రశ్నలకు జవాబులు. పాజిటివ్ వచ్చి, ఆ జబ్బుతోనే పోయారని అధికారులు రాసి పంపినవాళ్ళు ఎంతమంది అన్నదానికి మొదటి అంకె జవాబు. అసలు ఎంతమంది పోయారు అన్నదానికి రెండోది జవాబు. ఆ రోజుల్లో మన వీధిలో, మన చుట్టాల్లో ఎంతమంది పరీక్ష ఫలితం రాకముందే వెళ్ళిపోయారో అందరికీ గుర్తుంది. వాళ్ళు మొదటి లెక్కలో లేరు. రెండో లెక్కలో ఉన్నారు.

అందుకే ఒక ప్రాంతంలో మరణాలు ఎలా పెరిగాయో, ఎప్పుడు తగ్గాయో తెలుసుకోవాలంటే జబ్బు పేరుతో కాకుండా మొత్తం మరణాలతో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. ఈ పద్ధతి కొత్తది కాదు. 1847లో లండన్‌లో ఫ్లూ వచ్చినప్పుడు గణాంకవేత్త విలియం ఫార్ చేసింది ఇదే. 1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశాన్ని ఊడ్చేసినప్పుడు చావుల్లో ఎక్కువ భాగం రిజిస్టర్లలో ‘జ్వరాలు’ అన్న గడిలోనే పడ్డాయి. అప్పటి శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ కూడా అంతకుముందు సంవత్సరాలతో పోల్చే నష్టాన్ని అంచనా వేశారు.

కావలసినవి ఒక గూగుల్ షీట్, కూడికలు తీసివేతలు, ఓపిక. జిల్లా విలేకరులు, ప్రజారోగ్య విద్యార్థులు, తమ ఊరి లెక్క తామే తేల్చుకోవాలనుకునే ఎవరైనా చేయగలరు.

1. ఏ రేటు లెక్కిస్తున్నారో ముందు తేల్చుకోండి

‘మరణాల రేటు’ అనే ఒకే మాటను మూడు వేరే లెక్కలకు వాడేస్తుంటారు. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది కేసుల్లో మరణాల శాతం, అంటే నమోదైన కోవిడ్ మరణాలను నమోదైన కేసులతో భాగించి వందతో గుణించడం. టీవీల్లో ఎక్కువగా వినిపించింది ఇదే. ప్రాంతాలను పోల్చడానికి అన్నిటికంటే పనికిరానిదీ ఇదే. పరీక్షలు ఎక్కువ చేస్తే కేసులు పెరిగి శాతం దానంతటదే తగ్గుతుంది. మరణాలను తక్కువగా రాసినా తగ్గుతుంది. 2021 చివర్లో ఈ శాతం తెలంగాణలో 0.6, పంజాబ్‌లో 2.7 దగ్గర ఉంది. పంజాబ్‌లో వైరస్ నాలుగు రెట్లు ప్రాణాంతకమని దాని అర్థం కాదు. పరీక్షలు, నమోదు, వయసు అన్నీ కలిసి ఆ తేడా తెచ్చాయి.

రెండోది జనాభాలో లక్షకు ఎంతమంది అన్న లెక్క. జిల్లాను జిల్లాతో పోల్చాలంటే కనీసం ఇది కావాలి. జనాభా సంఖ్య దగ్గర మాత్రం జాగ్రత్త. 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి కేంద్రం 2020లో ఇచ్చిన జనాభా అంచనాలు వాడండి. వాటి ప్రకారం 2021కి తెలంగాణ జనాభా సుమారు 3.77 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది సుమారు 5.28 కోట్లు. 2011 సంఖ్య వాడితే రేటు కాస్త ఎక్కువ చూపిస్తుంది.

మూడోది అదనపు మరణాలు: నిజంగా జరిగిన మొత్తం మరణాల్లోంచి, మహమ్మారి రాకపోయి ఉంటే జరిగేవన్న అంచనాను తీసేస్తే మిగిలేది. ఇక్కడి నుంచి మన పని ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది.

2. నిర్వచనాన్ని షీట్ పైనే రాసి పెట్టుకోండి

కోవిడ్ మరణం అంటే ఏమిటో దేశానికో తీరుగా, కాలానికో తీరుగా మారింది. బ్రిటన్ 2020 ఆగస్టులో ‘పాజిటివ్ వచ్చిన 28 రోజుల్లోపు’ అన్న హద్దు పెట్టగానే అక్కడి మొత్తం సంఖ్య ఒక్క రోజులో ఐదు వేలకు పైగా తగ్గింది. బెల్జియం వృద్ధాశ్రమాల్లో అనుమానిత మరణాలను కూడా కలిపింది. మన దేశంలో 2021 సెప్టెంబర్ మార్గదర్శకాలు 30 రోజుల హద్దు పెట్టాయి. గ్రాఫ్‌లో గీత ఒక్కసారిగా ఎగిరినా పడినా, ముందు ఆ తేదీకి నిర్వచనం మారిందేమో చూడండి.

3. డేటా ఎక్కడ దొరుకుతుంది

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రతి మరణాన్నీ 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆ రిజిస్టర్ పల్లెలో పంచాయతీ దగ్గర, పట్టణంలో మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది. మన లెక్కకు ఇదే మూలం. రోజువారీ బులెటిన్లు రెండో వరుస. వాటిలోనూ తేడాలున్నాయి: ఆంధ్ర బులెటిన్‌లో మరణాలు జిల్లాల వారీగా వచ్చేవి. తెలంగాణ బులెటిన్‌లో కేసులు జిల్లాల వారీగా ఉన్నా మరణాలు మాత్రం రాష్ట్రం మొత్తానికి ఒకే అంకెగా ఉండేవి.

రిజిస్టర్ లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ప్రశ్న ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. ‘కోవిడ్ మరణాలు ఎన్ని’ అని అడిగితే బులెటిన్ అంకెనే తిప్పి పంపుతారు. ఇలా రాయండి:

“2015 జనవరి నుంచి నేటి వరకు మీ కార్యాలయంలో నమోదైన మొత్తం మరణాల సంఖ్యను ఈ కింది విధంగా ఇప్పించగలరు: మరణం జరిగిన నెల వారీగా; నమోదు చేసిన నెల వారీగా; స్త్రీ పురుషుల వారీగా, పదేళ్ళ వయసు వర్గాల వారీగా; మృతుల శాశ్వత నివాసం మీ పరిధిలోనిదా, బయటిదా అన్న వివరంతో. పేర్లు, చిరునామాలు అవసరం లేదు.”

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే వ్యక్తిగత సమాచారం అనే కారణంతో తిరస్కరించే అవకాశం ఎక్కువ. అన్నిటికంటే, చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఇబ్బంది పెట్టే హక్కు మనకు లేదు. ‘ఆ రూపంలో సమాచారం లేదు’ అని జవాబు వస్తే రికార్డులు పరిశీలించడానికి అవకాశం ఇవ్వమని మళ్ళీ అడగండి. ఆ హక్కు చట్టంలోనే ఉంది.

4. తేదీ: తప్పులన్నీ దాక్కునే చోటు

మరణాల రిజిస్టర్ తెరిస్తే ఒక్కో పేరు పక్కన రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి మనిషి పోయిన రోజు, రెండోది ఆ సంగతి రిజిస్టర్‌కు ఎక్కిన రోజు. మామూలు రోజుల్లో ఈ రెండిటి మధ్య వారమో రెండు వారాలో ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఆఫీసులు మూతపడి, ఇంట్లో మిగతావాళ్ళు కూడా మంచాన పడితే నెలలు పడుతుంది. కొందరైతే బీమా డబ్బుకో, భూమి పాస్‌బుక్ మార్పిడికో సర్టిఫికెట్ అవసరమైనప్పుడే వస్తారు.

నమోదు తేదీతో గ్రాఫ్ గీస్తే 2020 ఏప్రిల్‌లో మరణాలు తగ్గినట్టు, తర్వాత ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపించవచ్చు. అందులో కొంత భాగం వైరస్ కథ, కొంత ఆఫీసు తలుపులు తెరుచుకున్న కథ. దొరికినంతవరకూ మరణం జరిగిన తేదీనే వాడండి.

బులెటిన్లలోనూ ఇదే సమస్య. నేను మొదట్లో చేసిన తప్పు చెబుతాను. బులెటిన్ అంకెలను వచ్చినవి వచ్చినట్టు గీత గీసి, 2021 జూన్‌లో బిహార్‌లో మరణాలు విరుచుకుపడ్డాయని అనుకున్నాను. నిజానికి జూన్ 9న ఆ రాష్ట్రం 3,951 పాత మరణాలను ఒకేసారి కలిపింది. 2020 జూన్‌లో మహారాష్ట్ర 1,328, జూలైలో తమిళనాడు 444 ఇలాగే కలిపాయి. పెరూ అయితే 2021 మే 31న తన సంఖ్యను 69 వేల నుంచి లక్షా 80 వేలకు సవరించింది. ఇలాంటి రోజులకు షీట్‌లో ‘సవరణ’ అనే కాలమ్ పెట్టండి. కలిపిన అంకెను ఆ రోజు ఖాతాలో వేయకండి. అవి ఏ తేదీల మరణాలో తెలిస్తే ఆ తేదీలకు పంచండి. తెలియకపోతే విడిగా ఉంచి, గ్రాఫ్ కింద ఒక ముక్క రాయండి.

ఇంకో సంగతి. ఇటీవలి నెలల అంకె ఎప్పుడూ అసంపూర్ణమే. ఈ రోజు రిజిస్టర్ చూస్తే పోయిన నెల మరణాలు తక్కువే కనిపిస్తాయి, ఎందుకంటే కొన్ని ఇంకా నమోదు కాలేదు. పాత సంవత్సరాల్లో ఒక నెల మరణాల్లో మొదటి నెలకు ఎంత శాతం, రెండో నెలకు ఎంత శాతం, మూడో నెలకు ఎంత శాతం నమోదయ్యాయో ఒక చిన్న పట్టిక వేసుకోండి. మొదటి నెలకు 70 శాతమే నమోదవుతాయని తేలితే ఇప్పుడున్న అంకెను 0.7తో భాగించాలి. మహమ్మారిలో ఆలస్యం ఇంకా పెరుగుతుంది కాబట్టి అలా వచ్చిన సంఖ్య కూడా తక్కువ అంచనాయే. చివరి రెండు నెలల గీతను చుక్కలతో గీయండి. ‘మరణాలు తగ్గుముఖం’ అన్న తొందరపాటు శీర్షికల్లో చాలావాటికి మూలం ఈ చివరి రెండు నెలలే.

5. మరణం ఏ ఊరి ఖాతాలోకి వెళ్తుంది

మరణాన్ని అది జరిగిన చోటే నమోదు చేస్తారు. ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే అది హైదరాబాద్ రిజిస్టర్‌లోకి వెళ్తుంది. కర్నూలు, విజయవాడ, తిరుపతి లాంటి పెద్దాసుపత్రులున్న ఊళ్ళ రేటు ఎప్పుడూ ఎక్కువగానే కనిపించడానికి కారణం ఇదే. అందుకే దరఖాస్తులో శాశ్వత నివాసం వివరం అడగమన్నాను.

మహమ్మారిలో ఈ రాకపోకలు కూడా మారిపోతాయి. 2021 మేలో ఆంధ్ర నుంచి హైదరాబాద్‌కు వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు, తర్వాత హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చింది. అలాంటి రోజుల్లో మామూలుగా హైదరాబాద్ లెక్కలో పడే మరణాలు కర్నూలు లెక్కలో పడి ఉండవచ్చు. రెండు జిల్లాలనూ కలిపి ఒకే ప్రాంతంగా చూస్తే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

జిల్లాల విభజన మన రాష్ట్రాల్లో పెద్ద తలనొప్పి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త జిల్లాలను కూడితే పాత జిల్లా వచ్చేస్తుందనుకోకండి. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో పాత చిత్తూరు భాగంతో పాటు పాత నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి కూడా చేరాయి. మండలాల స్థాయిలో డేటా తెచ్చుకుని, మీకు కావలసిన హద్దుల ప్రకారం మీరే కూడుకోండి. ఒకే హద్దులను మొదటి సంవత్సరం నుంచి చివరి సంవత్సరం దాకా వాడండి.

6. మామూలు రోజుల్లో ఎంతమంది పోయేవారు: బేస్‌లైన్

లెక్కంతా నిలబడేది దీని మీదే. 2015 నుంచి 2019 వరకు అదే నెల మరణాల సగటు తీయడం తేలిక పద్ధతి. నెలను నెలతోనే పోల్చాలి. ఎండలు మండే మేను నవంబర్‌తో పోల్చకూడదు.

అయితే మన దేశంలో ఉత్త సగటుతో ఆగిపోతే తప్పు వస్తుంది. ఏటేటా మరణాల నమోదే పెరుగుతూ వచ్చింది. దేశం మొత్తం మీద నమోదైన మరణాలు 2018లో 69.5 లక్షలు, 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు. అంటే మహమ్మారి లేని 2019లో పెరుగుదల దాదాపు 7 లక్షలు, మహమ్మారి వచ్చిన 2020లో 5 లక్షల లోపు. ఈ అంకెలు చూసి 2020లో ఏమీ జరగలేదని అనడం పొరపాటు. లాక్‌డౌన్‌లో నమోదు కుంటుపడింది, రోడ్డు ప్రమాద మరణాలు సుమారు లక్షా 51 వేల నుంచి లక్షా 31 వేలకు తగ్గాయి. ఆ తగ్గుదల మహమ్మారి మరణాలను కొంత కప్పేసింది. 2021కి వచ్చేసరికి నమోదైన మరణాలు కోటీ 2 లక్షలయ్యాయి. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదలను నమోదు మెరుగుపడింది అన్న మాటతో సర్దిపుచ్చడం కుదరదు.

ఒక మున్సిపాలిటీని ఊహించుకుని లెక్క చేద్దాం. ఇవి ఉదాహరణ కోసం నేను వేసిన అంకెలు. తేలిగ్గా ఉండడానికి మూడేళ్ళే తీసుకుందాం. మే నెల మరణాలు 2017లో 118, 2018లో 124, 2019లో 130. సగటు 124. కానీ ఏడాదికి ఆరు చొప్పున పెరుగుతున్నాయి కాబట్టి 2021 మేకి అసలు అంచనా 142. నిజంగా జరిగినవి 355.

సగటుతో చూస్తే అదనపు మరణాలు 231. పెరుగుదలను కలుపుకుంటే 213. శాతంలో చెప్పాలంటే 213ను 142తో భాగించాలి, అంటే మామూలు కంటే 150 శాతం ఎక్కువ. సగటు పద్ధతిలో ఇదే 186 శాతంగా కనిపించేది. ఊరి జనాభా రెండు లక్షలైతే లక్షకు సుమారు 106 అదనపు మరణాలు. షీట్‌లో ఈ అంచనాకు ‘ఫోర్‌కాస్ట్’ ఫార్ములా సరిపోతుంది. మరీ దగ్గరి సంవత్సరమని 2020ను బేస్‌లైన్‌లో కలపకండి. అది కూడా మహమ్మారి సంవత్సరమే.

నేనైతే రెండు బేస్‌లైన్లతోనూ లెక్కవేసి రెండూ ఇస్తాను. రెండిట్లోనూ అదే కథ కనిపిస్తే దాని మీద ధైర్యంగా మాట్లాడవచ్చు.

7. చిన్న మండలం, చిన్న అంకెలు

నెలకు తొమ్మిది మరణాలు జరిగే మండలంలో ఒక నెల 14 జరిగితే టెన్షన్ పడనక్కర్లేదు. బేస్‌లైన్ అంకెకు వర్గమూలం తీసి, రెండుతో గుణించి, బేస్‌లైన్‌కు కలిపితే పై హద్దు, తీసేస్తే కింది హద్దు వస్తాయి. 9కి వర్గమూలం 3, కాబట్టి హద్దులు 3, 15. పద్నాలుగు వాటిలోపే ఉంది. ఇందాకటి మున్సిపాలిటీలో 142కి హద్దులు 118, 166. అక్కడ 355 అంటే ఏ సందేహానికీ తావు లేదు. ఇది మోటు లెక్కే అయినా మన పనికి చాలు. అంకెలు మరీ చిన్నవైతే మూడు నాలుగు మండలాలనో, మూడు నెలలనో కలపండి.

మండల స్థాయి గ్రాఫ్ బయటపెట్టేటప్పుడు ఒకటీ రెండూ మరణాలున్న గడిలో వయసు, స్త్రీ పురుష వివరం, తేదీ మూడూ కలిపి చూపించకండి. ఊళ్ళో అందరికీ అది ఎవరో తెలిసిపోతుంది.

8. వయసు తేడా

కేరళలో వృద్ధుల వాటా ఎక్కువ, బిహార్‌లో పిల్లల వాటా ఎక్కువ. కోవిడ్ వయసు పెరిగేకొద్దీ మరింత ప్రాణాంతకమయ్యే జబ్బు. ఈ రెండు రాష్ట్రాల ముడి రేట్లను పక్కపక్కన పెడితే కేరళకు అన్యాయం చేసినట్టే. వయసు వర్గాల వారీ రేట్లను ఒకే ప్రామాణిక జనాభాకు, అంటే రెండు చోట్లా వయసు వర్గాల వాటాలు ఒకటేనని అనుకున్న జనాభాకు, వర్తింపజేసి పోల్చాలి. ఆ డేటా లేకపోతే కనీసం 60 ఏళ్ళు దాటినవాళ్ళను విడిగా, మిగతావాళ్ళను విడిగా పోల్చండి. ఒక ప్రాంతాన్ని దాని గతంతోనే పోలుస్తుంటే, అదీ కొద్ది సంవత్సరాల తేడాతో, ఈ మెట్టు దాటేయవచ్చు.

9. గ్రాఫ్

రోజువారీ అంకెలకు ఏడు రోజుల సగటు వాడండి, ఆదివారం తగ్గి మంగళవారం పెరిగే గతుకులు పోతాయి. 2021 గీతను మందంగా గీసి, పాత సంవత్సరాలను దాని వెనక సన్నటి బూడిదరంగు గీతలుగా పెడితే చదువుకోనివాళ్ళకు కూడా తేడా కనిపిస్తుంది. నిలువు అక్షం సున్నా నుంచే మొదలవ్వాలి. కేసుల గీత పక్కన పెడుతుంటే మరణాలు సుమారు రెండు వారాలు వెనకగా నడుస్తాయని గుర్తుంచుకోండి. కేసులు తగ్గడం మొదలైన వారంలోనే మరణాలు పతాక స్థాయిలో ఉండవచ్చు.

10. ఇంకో దారిలో సరిచూసుకోవడం

ఒక్క మూలం మీద ఆధారపడి ఊళ్ళో ప్రకటించకండి. శ్మశానవాటికలు, ఖబరస్తాన్‌ల రోజువారీ పుస్తకాలు ఒక ఆధారం. వృద్ధాప్య పింఛన్ల జాబితా ఇంకోటి. నెలకోసారి డబ్బు ఇచ్చేది కాబట్టి మరణం అక్కడ త్వరగా తెలుస్తుంది. అయితే అనర్హులని తీసేసిన పేర్లను దాంట్లోంచి వేరుచేయాలి.

సాయం కోసం వచ్చిన దరఖాస్తులు కూడా చాలా చెబుతాయి. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం విషయం సుప్రీంకోర్టు విచారించినప్పుడు, 2022 జనవరి నాటికి ఆంధ్రలో అధికారిక మరణాలు 14 వేల చిల్లర అయితే దరఖాస్తులు 36 వేలు దాటాయి. తెలంగాణలో మరణాలు నాలుగు వేల లోపు, దరఖాస్తులు 29 వేలకు దగ్గర. అన్నీ ఆమోదం పొందలేదు, కొన్నిట్లో పొరపాట్లూ ఉండి ఉంటాయి. అయినా అంత తేడా ఉన్న చోట బులెటిన్ అంకె ఒక్కదాన్నే పట్టుకుని గీసిన గీతను ఎవరూ నమ్మనక్కర్లేదు.

డాక్టరు రాసిచ్చే మరణ కారణ ధ్రువీకరణ కూడా చూడండి, కానీ దాని హద్దు తెలుసుకుని. 2021లో దేశంలో నమోదైన మరణాల్లో అలాంటి ధ్రువీకరణ ఉన్నవి 23.4 శాతమే. ఆ నాలుగో వంతు కూడా లేని భాగంలోనే కోవిడ్ మరణాలు 4.13 లక్షలు. ఆ ఏడాది బులెటిన్ల మొత్తం అంతకంటే తక్కువ.

అదనపు మరణాలన్నీ వైరస్ వల్లే అని మాత్రం రాయకండి. డయాలసిస్ అందనివాళ్ళు, గుండెపోటు వచ్చి బెడ్ దొరకనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. ‘మహమ్మారి కాలపు అదనపు మరణాలు’ అనండి. 2020, 2021 రెండేళ్ళకూ కలిపి భారత్‌లో ఇవి 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన ప్రభుత్వం ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. అధికారిక కోవిడ్ మరణాలు 2021 చివరికి 4.81 లక్షలు. ఆ సంస్థది నమూనాలతో కట్టిన అంచనా, మీది మీ ఊరి రిజిస్టర్‌లోని లెక్క. రెండిటినీ కలగాపులగం చేయకుండా, మీ అంకె ఏ మూలం నుంచి వచ్చిందో పక్కనే రాయండి.

11. షీట్‌ను మూసేయకండి

ప్రతి కాపీకీ తేదీ పెట్టి పాతవి కూడా దాచండి. ఏ తేదీన చూసినప్పుడు ఎంత ఉంది, తర్వాత ఎంతకు పెరిగింది అన్నదే మీ దగ్గర ఉండే విలువైన సమాచారం, దాన్ని ఏ ఆఫీసూ ఇవ్వదు. 2021 మరణాల వార్షిక నివేదికను కేంద్రం విడుదల చేసింది 2025 మేలో. అందులో రాష్ట్రాల మొత్తాలు ఉన్నాయి. మీరు అప్పట్లో వేసుకున్న అంకెలను వాటి పక్కన పెట్టి, తేడా వచ్చిన చోట నాలుగో మెట్టుకు, ఐదో మెట్టుకు తిరిగి వెళ్ళి ఆ నెలల తేదీలనూ హద్దులనూ మళ్ళీ చూడండి.